తేదీ లేని గడి

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో పందొమ్మిదేళ్ళ పాటు ఒక పుస్తకం ఉండేది. నల్ల గుడ్డ అంటించిన గట్టి అట్ట, అరచెయ్యి వెడల్పు గళ్ళు. ఒకటి నిండితే అలాంటిదే మరొకటి వచ్చేది. ఎడమ చివర భవనం పేరు, దాని పక్కన మెకానిక్ చూసిన లోపం, ఆపైన సంతకం, కుడి చివర ఆ పని ఏ తేదీలోగా పూర్తికావాలో ఆ తేదీ. ఆ పుస్తకాన్ని చూసుకునే ఆవిడను ఆఫీసులో అందరూ పుస్తకమ్మ అనేవారు. ఆవిడకు యాభై నాలుగేళ్ళు. పిలుపు ఎగతాళిగానే మొదలైంది కాని, ఆవిడ దాన్ని హోదాగా పుచ్చుకుంది.

ఆ పుస్తకానికి ఒక పద్ధతి ఉండేది. మెకానిక్ ఎవరైనా తేదీ గడిని ఖాళీగా వదిలాడంటే మరిచిపోయాడని అర్థం కాదు; తేదీ ఇచ్చేంత వ్యవధి ఆ పనికి లేదని అర్థం. పొద్దున్నే పేజీ తెరవగానే ఆ ఖాళీ గడి పలువరుసలో ఊడిన పన్నులా కళ్ళబడేది. ఆవిడ కుర్చీలో కూర్చోకముందే ఫోను అందుకుని, ఆ భవనంవాళ్ళతో మాట్లాడి లిఫ్టు ఆపించేది. మెకానిక్ తనంతట తాను ఆపకూడదు. ఎప్పుడో ఒకరు ఆపితే భవనంవాళ్ళు వచ్చి గొడవ చేశారని, ఓనరు ఆ అధికారాన్ని ఆఫీసుకే ఉంచుకున్నాడు. అంటే పుస్తకమ్మకు. ఖాళీ గడి సంగతి ఎక్కడా రాసిపెట్టలేదు. అందరికీ తెలిసినదాన్ని పనిగట్టుకుని ఎవరు రాస్తారు?

ఓనరు అల్లుడికి తెలియదు. అతను ఆఫీసుకు వచ్చి నాలుగు నెలలైంది. పేరుపెట్టి పిలవడానికి మొహమాటపడి అందరూ అల్లుడుగారనే అనేవారు. చెడ్డవాడు కాదు, సోమరి అంతకంటే కాదు. నోట్సు రాసుకునే ఒక యాప్‌లో పుస్తకమంతటినీ పట్టికగా ఎక్కించి, మెకానిక్కులందరి ఫోన్లలోనూ పెట్టాడు. ఎలా రాయాలని వాళ్ళు అడిగితే, "పుస్తకంలో ఎలా రాసేవారో అలాగే రాయండి" అని చెప్పింది మాత్రం పుస్తకమ్మే.

మూడు వారాలు అంతా సవ్యంగానే నడిచింది. ఆ తర్వాత ఒక సోమవారం అల్లుడు ఆవిడ బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని వచ్చాడు.

"ఇక మీకు కళ్ళు లాగవు మేడమ్. ఇన్ని వందల వరసలు రోజూ చూడక్కర్లేదు. ఈ వారం చేయాల్సినవి మాత్రమే కనబడేలా ఒక వ్యూ చేశాను."

"మిగతావి ఏమవుతాయి?"

"ఏమీ కావు. పట్టిక ఒక్కటే, దాన్ని చూసే కిటికీలు ఎన్నయినా పెట్టుకోవచ్చు. ఒక్కో కిటికీ ఒక వ్యూ. వరసలో మొదట ఏ వ్యూ ఉంటే యాప్ తెరవగానే అందరికీ అదే వస్తుంది. దాన్నే డిఫాల్టంటారు. ఇదుగో, 'ఈ వారం' అన్నదాన్ని మొదటికి లాగాను. 'అన్నీ' అన్నదాన్ని చివరికి తోశాను. కావాలంటే ఎప్పుడైనా నొక్కి చూసుకోవచ్చు."

కావాలంటే. ఏదో దాగి ఉందన్న అనుమానం వస్తేనే కదా మనిషికి కావలసి వచ్చేది! తెర శుభ్రంగా ఉంది. పదో పన్నెండో వరసలు, ప్రతిదానికీ ఒక తేదీ. ఆవిడకు నచ్చింది. ఆ నచ్చడాన్ని ఆవిడ తర్వాత చాలాకాలం క్షమించుకోలేదు.

ఆ మరుసటి వారం శనివారం పొద్దున పదిన్నరకు పానా మేస్త్రీ ఆఫీసులోకి వచ్చాడు. వెనక జేబులో పానా లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు కనుక ఆ పేరు. అరవై దాటిన మనిషి. పొరుగూళ్ళో కొత్త లిఫ్టు బిగించడానికి వెళ్ళి ఎనిమిది రోజుల తర్వాత తిరిగొచ్చాడు.

"ఏం పుస్తకమ్మా, పుస్తకం పోయాక ఒళ్ళు చేశావే!"

"నేను చేయలేదు, మీరు చిక్కిపోయారు. అందుకే లోకమంతా లావుగా కనిపిస్తోంది."

"చిక్కక ఏం చేస్తాను, ఆ ఊళ్ళో వంట చేసినవాడు నా మీద ఏ జన్మ పగో తీర్చుకున్నాడు." సంచీ నేలమీద పెట్టి ఆయన నుదురు తుడుచుకున్నాడు. "అవునూ, ఆ తొమ్మిదంతస్తుల దానికి బ్రేకు లైనింగు ఎవరు వేశారు? సామాను గదిలో డబ్బా నేను వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, సీలు కూడా తీయలేదు. వేరే ఎక్కడైనా కొన్నారా?"

"ఏ తొమ్మిదంతస్తులది?"

"మీ చెల్లెలుండేదేనమ్మా."

పుస్తకమ్మ తెరవైపు చూసింది. పదకొండు వరసలు. ఆ భవనం పేరు వాటిలో లేదు.

"మీరు దానికి ఏమీ రాయలేదుగా, మేస్త్రీ గారూ."

"రాయకపోవడమేంటి? గురువారం రాసి, శుక్రవారం బండెక్కాను. తొమ్మిది రోజులైంది." ఆయన ఫోను తీసి ఆవిడ తెర పక్కన పెట్టాడు. అల్లుడు ఆయనకోసం విడిగా ఒక వ్యూ చేసి ఇచ్చాడు, తాను రాసినవి మాత్రమే కనబడేలా. అందులో మొట్టమొదటి వరస అదే: *బ్రేకు లైనింగు పూర్తిగా అరిగింది. బరువు ఎక్కితే జారుతోంది. వెంటనే ఆపాలి.* సంతకం ఉంది. తేదీ గడి ఖాళీ.

ఒకే యాప్, ఒకే పట్టిక. పక్కపక్కనే ఉన్న రెండు తెరల్లో ఒకదానిలో ఆ మాటలు ఉన్నాయి, ఇంకొకదానిలో లేవు.

"అల్లుడుగారూ!" ఆ గొంతుకు లోపలి గదిలోంచి అతను కాఫీ కప్పుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఇది ఇక్కడ ఎందుకు లేదు?"

అతను వంగి చూశాడు. చివరనున్న 'అన్నీ' అన్నదాన్ని నొక్కాడు. పట్టిక పొడుగ్గా సాగింది. దానిలో తేదీ లేని వరసలు నాలుగు తేలాయి.

"పోలేదు మేడమ్, ఇక్కడే ఉంది. ఏదీ డిలీట్ కాలేదు. 'ఈ వారం' వ్యూకి ఫిల్టరు ఉంది కదా, తేదీ ఈ వారంలో ఉంటేనో, దాటిపోయి ఉంటేనో చూపిస్తుంది. తేదీయే లేకపోతే అది ఏ వారంలోకీ రాదు. అందుకని కనబడలేదు, అంతే."

"అంతే," అంది పుస్తకమ్మ.

"తేదీ వేయకుండా వదిలేశారేంటి? పని సగంలో ఆపినట్టు."

మేస్త్రీ అతనివైపు ఒక్క క్షణం చూశాడు. "తేదీ వేయకపోవడమే బాబూ రాయడం. అది ఇప్పుడే చేయాలని."

అతని మొహంలో రంగు దిగిపోవడం ఆవిడ చూసింది, కాని దాన్ని పట్టించుకునే తీరిక లేదు. ఆవిడకు బుధవారం గుర్తొచ్చింది.

బుధవారం చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, మీ లిఫ్టుకి ఏమైంది? మా గడపకి నాలుగు వేళ్ళు కిందకి ఆగుతోంది. నలుగురు ఎక్కితే ఇంకా కుంగుతోంది. నా బరువు చూసి జడుసుకుంటోందేమో కనుక్కో." ఆ భవనం పని కంపెనీకి ఇప్పించింది చెల్లెలే కనుక, దానికి ఏమైనా 'మీ లిఫ్టు' అనేది. పుస్తకమ్మ తెర చూసింది. ఏమీ లేదు. పందొమ్మిదేళ్ళలో అలాంటి మాట ఎవరు చెప్పినా ముందు రాసుకుని ఆ తర్వాత ఆలోచించిన మనిషి, ఆరోజు తోడబుట్టినదాని కళ్ళకంటే శుభ్రమైన తెరనే ఎక్కువ నమ్మింది. "నా దగ్గర ఏమీ లేదే. నీకు ప్రతిదానికీ అనుమానమే." "సరే, అయితే శనివారం బీరువా దింపించేయనా? కొనుక్కున్నవాళ్ళు పదకొండింటికి మనుషుల్ని పంపుతామన్నారు. ఇనప బీరువా, ఏనుగంత బరువు." "దింపించుకో."

దింపించుకో. తానే అంది.

గోడ గడియారంలో పదీ ముప్ఫై ఎనిమిది. చెల్లెలి ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది, మళ్ళీ ఆగిపోయింది. భవనం కాపలాదారు నంబరు మోగుతూనే ఉంది. ఆ ఫోను ఖాళీ గదిలో బల్లమీద మోగుతుందని, మనిషి ఎప్పుడూ గేటు దగ్గర ఉంటాడని ఆవిడకు తెలుసు.

"ఈ మిగతా మూడింటికీ మీరు ఫోన్లు చేయండి," అంది అల్లుడితో. గొంతు ఎంత నెమ్మదిగా వచ్చిందంటే, అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "లిఫ్టు ఆపామని వాళ్ళ నోటితో చెప్పించుకోండి. ఎత్తకపోతే ఎత్తేదాకా చేయండి."

మేస్త్రీ అప్పటికే సామాను గదిలోకి వెళ్ళి, రోపులను పట్టి బిగించే ఇనప క్లాంపు భుజానికెత్తుకుని వచ్చాడు.

మోటారుసైకిలు మీద ఆ క్లాంపు ఆవిడ ఒళ్ళో ఉంది. దాని బరువుకు తొడలు తిమ్మిరెక్కాయి. ఒక చేత్తో మేస్త్రీ చొక్కా పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను చెవికి అదిమిపెట్టుకుంది. కూడలి దగ్గర ఎర్రలైటు పడింది. ముందున్న బస్సు వెనక అద్దంలో ఒక ముసలాయన తీరిగ్గా పండు ఒలుచుకుంటున్నాడు. లోకంలో అంత తీరిక ఉండడం ఆవిడకు అన్యాయంగా తోచింది.

"తెగి పడిపోతుందా?" అంది ఆయన వీపుతో.

"పడదు. రోపులు బాగున్నాయి. ఒకవేళ జోరుగా పడినా పట్టుకునే పళ్ళు దానికి విడిగా ఉన్నాయి. భయం అది కాదు." ఆయన తల తిప్పకుండానే మాట్లాడుతున్నాడు. "అంతస్తు దగ్గర నిలబెట్టి ఉంచేది బ్రేకు. అది అరిగిపోతే, తలుపు తెరిచి ఉండగానే, బరువెక్కేకొద్దీ మెల్లగా జారుతుంది. మెల్లగా జారేదాన్ని ఆ పళ్ళు పట్టుకోవు. ఆ సమయానికి మనిషి సగం లోపల, సగం బయట ఉన్నాడనుకో…"

"చాలు."

"కాదు, విను. మెయిను తీసేసినా లాభం లేదు. కరెంటు పోతే బ్రేకే పడాలి, ఆ బ్రేకే అరిగింది. నేను పైన మెషిన్ రూములో రోపులకు ఇది బిగించేదాకా ఎవరూ గడప దాటకూడదు. లోపలున్నవాళ్ళు లోపలే, బయటున్నవాళ్ళు బయటే. బయటికి రమ్మని మాత్రం నోరు జారకు."

పచ్చలైటు పడింది.

గేటు దగ్గర కాపలాదారు లేచి నిలబడ్డాడు. "ఆరో అంతస్తులో ఉంది మేడమ్, బీరువా ఎక్కిస్తున్నారు. మేస్త్రీగారు ఆనాడే చెప్పారు, ముగ్గురికంటే ఎక్కొద్దని. ఇప్పుడూ ఇద్దరే ఎక్కారండీ." బీరువా మనిషి కాదు కనుక అతని లెక్కలోకి రాలేదు.

ఇద్దరూ మెట్లెక్కారు. మేస్త్రీ క్లాంపు మోస్తూ పైకప్పు దాకా వెళ్ళాలి. మూడో అంతస్తు దగ్గరే ఆయన ఊపిరి ఈలలా వినబడసాగింది. "నువ్వు పో, నాకోసం ఆగకు." ఆవిడ ఆయన్ను దాటి ఎక్కింది. అయిదో అంతస్తు మలుపులో చెల్లెలి గొంతు వినిపించింది. ఎవరినో విసుక్కుంటోంది. గోడ పట్టుకుని మిగిలిన మెట్లు ఎక్కింది.

లిఫ్టు తలుపు తెరిచి ఉంది. లోపల బీరువా నిలువుగా నిలబెట్టి ఉంది. దాని వెనక మూలకు చెల్లెలు, పక్కన ఒక మోత మనిషి. ఇంకొకడు ఒక కాలు లోపల, ఒక కాలు వరండా మీద వేసి, బీరువా అంచును భుజంతో నెడుతున్నాడు. లిఫ్టు నేల వరండాకంటే జానెడు కిందికి ఉంది.

"కాలు! కాలు వెనక్కి తియ్యి!"

ఆ అరుపు తనదేనని ఆవిడకు ఆలస్యంగా తెలిసింది. ఆ మనిషి ఉలిక్కిపడి కాలు లాక్కుని వరండామీద చతికిలబడ్డాడు. అతని భుజం ఆనిక పోయిన బీరువా లోపలికి ఒరిగి గోడకు తగిలింది. ఆ కుదుపుకు లిఫ్టు, పైన ఎక్కడో రంపం రాసుకున్నట్టు ఒక చప్పుడు చేసి, మరో మూరెడు దిగి ఆగింది.

మోకాళ్ళ దాకా కనిపిస్తున్న చెల్లెలు ఇప్పుడు నడుము దాకానే కనిపిస్తోంది. లిఫ్టు పైకప్పు అంచు, ఇందాకటి వరకు గుమ్మం పైన దాగి ఉన్నది, కిందికి వచ్చి తలలకు దగ్గరగా నిలిచింది.

"అక్కా, చెయ్యివ్వు. ఎక్కేస్తాను." చెల్లెలు బీరువాకూ గోడకూ మధ్య పక్కకు తిరిగి ముందుకొచ్చి, రెండు చేతులూ వరండా అంచుమీద పెట్టింది.

ఆ చేతులు పట్టుకుని లాగేయాలని ఒళ్ళంతా తహతహలాడింది. పుస్తకమ్మ తన చేతులను తానే వెనక్కి కట్టుకుంది.

"బయటికి రాకు. చేతులు తియ్యి. మూలకి వెళ్ళి కింద కూర్చో."

"ఇందులోనా? పిచ్చా నీకు?"

"మేస్త్రీ పైకి వెళ్ళాడు. రోపులు బిగిస్తున్నాడు. అయ్యేదాకా ఎవరూ ఈ అంచు దాటకూడదు."

"బుధవారం అడిగితే ఏమీ లేదన్నావు. దింపించుకో అన్నావు. ఇప్పుడు ఇందులో కూర్చోమంటున్నావు." చెల్లెలు అంచు వదల్లేదు. "నీ మాట ఎందుకు వినాలి నేను?"

పుస్తకమ్మ వరండామీద మోకరిల్లింది, మొహం చెల్లెలి మొహానికి ఎదురుగా వచ్చేలా.

"బుధవారం నేను తప్పు చెప్పాను. అంతా చూడకుండా చెప్పాను. ఇది నా మాట కాదు, మేస్త్రీ మాట. ఇప్పుడు నువ్వు ఎక్కడానికి పొట్ట ఈ అంచుమీద ఆనిస్తావు. ఆ క్షణంలో ఇది జారితే, ఆ పైకప్పు నీ వీపుమీదికి వస్తుంది. లోపల ఉంటే కిందికి జారతావు, దెబ్బలు తగులుతాయేమో, బతుకుతావు. ఇంతే నాకు తెలిసింది. కూర్చో."

చెల్లెలు తల ఎత్తి ఆ పైకప్పు అంచును చూసింది. చేతులు తీసింది. బీరువా వెనక్కి జరిగి, మోత మనిషి పక్కన నేలమీద కూర్చుంది. ఆ కూర్చోవడానికి కూడా లిఫ్టు రెండు వేళ్ళు కుంగింది.

"అమ్మా, నాకు ఇద్దరు ఆడపిల్లలు," అన్నాడు మోత మనిషి, ఎవరితోనూ కాకుండా.

"ఏం చదువుతున్నారు?" అంది చెల్లెలు చప్పున.

"పెద్దది తొమ్మిది. చిన్నది ఆరు."

"లెక్కలు ఎలా చేస్తారు?"

"పెద్దదానికి రావండీ. చిన్నదే దానికి చెప్తుంది."

"మా ఇంట్లోనూ అంతే. చెప్పేది నేను, పెద్దరికం దీనిది."

పుస్తకమ్మ నవ్వలేకపోయింది. పైనుంచి ఇనుము ఇనుముమీద పడిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఆయన అరవై ఏళ్ళ గుండెతో తొమ్మిది అంతస్తులు ఎక్కాడు. ఆ నిశ్శబ్దం పానా తిరుగుతున్న నిశ్శబ్దమో, మనిషి పడిపోయిన నిశ్శబ్దమో చెప్పే దారి లేదు. వెళ్ళి చూద్దామంటే ఇక్కడ ఈ రెండు కళ్ళు తననే పట్టుకుని ఉన్నాయి. ఆవిడ కదల్లేదు. మళ్ళీ ఆ రంపం చప్పుడు; లిఫ్టు జారడం మొదలుపెట్టింది. ఈసారి ఆగలేదు. నెమ్మదిగా, తొందరేమీ లేనట్టుగా, చెల్లెలి భుజాలు, గడ్డం, కళ్ళు వరండా అంచు కిందికి దిగిపోయాయి. "అక్కా" అన్న పిలుపు మాత్రం పైకి వచ్చింది.

అప్పుడు పెద్ద కుదుపు. రోపులు ఒక్కసారి బిగుసుకుని మూలిగాయి. పైకప్పు అంచుకూ వరండాకూ మధ్య మూరెడు సందు మిగిలింది. ఆ సందులో ఏదీ కదలడం లేదు.

మెట్లమీదుగా మేస్త్రీ గొంతు దిగివచ్చింది, ముక్కలు ముక్కలుగా. "పట్టింది… ఇక దిగదు… కింద అయిదులోంచి తీద్దాం. అటు తలుపు నేను తెరుస్తాను, నువ్వు ముట్టుకోకు."

అయిదో అంతస్తులో తలుపు తెరవడానికి పది నిమిషాలు పట్టింది. ముందు మోత మనిషి దూకాడు, ఆపైన చెల్లెలు. ఆమె అడుగు పెట్టగానే పుస్తకమ్మ పట్టుకోబోయింది. చెల్లెలు ఆ చేతిని పక్కకు తప్పించి, నాలుగడుగులు వేసి, మెట్టుమీద కూలబడింది. పుస్తకమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. ఇద్దరి భుజాలూ తగలనంత ఎడంగా. మేస్త్రీ గోడకు వీపు ఆనించి, కళ్ళు మూసుకుని, ఊపిరిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటున్నట్టు నిలబడ్డాడు.

చెల్లెలు అడిగింది. "ఎన్ని రోజుల నుంచి తెలుసు దీని సంగతి?"

"మేస్త్రీ రాసి తొమ్మిది రోజులు. నేను చూసి గంట."

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

అబద్ధం చెప్పడానికి పుస్తకమ్మకు మనసు రాలేదు. ఫోను తీసి చూసింది. అల్లుడి నుంచి మూడు సందేశాలు. "ఇంకా మూడు. రెండు ఆపారట. ఒకటి అచ్చు ప్రెస్సులో సామాన్ల లిఫ్టు. అక్కడ ఎవరూ ఫోను ఎత్తడం లేదు."

"అందులో మనుషులు ఎక్కుతారా?"

"ఎక్కకూడదు. ఎక్కుతారు."

చెల్లెలు మొదటిసారి తిరిగి అక్క మొహంలోకి చూసింది. "మరి నా పక్కన కూర్చుని ఏం చేస్తున్నావు? లే."

పుస్తకమ్మ లేచింది. మేస్త్రీ కళ్ళు తెరిచి, ఏమీ అడగకుండా, మోటారుసైకిలు తాళం ఆవిడకు కనబడేలా పైకెత్తాడు. ఇద్దరూ మెట్లు దిగడం మొదలుపెట్టారు.